ఫారంలో కిటికీ

కొర్లగుంట, తిరుపతి
8-2-1988

శ్రీనివాసుని కటాక్షం అందరికీ కలుగుగాక.

రిటైరైన రైల్వేవాళ్ళ వైద్య పథకం చూసే పెద్దమనిషి గారికి, రేణిగుంట సిగ్నలు కేబిన్‌లో ముప్పై నాలుగేండ్లు లివర్లు లాగి పోయిన ఏడు రిటైరైన ఆయన భార్య పంకజాక్షి నమస్కరించి రాయడమేమంటే,

మేము క్షేమం. మా ఇంటాయన పేరు నేను రాయకూడదు కనుక పింఛను పుస్తకం నంబరు కింద రాసినాను, చూసుకోండి.

మీరు అచ్చువేసి పంపిన కాగితం చేరింది. నేను ఎస్సెల్సీ దాకా చదివినాను గనక నిదానంగా కూడబలుక్కున్నాను. ఆయన చివరి నెల జీతం ఎంతో అంత ఒక్కసారి కడితే ఆయనకూ నాకూ బతికున్నన్నాళ్ళు రైల్వే ఆసుపత్రిలో వైద్యం ఉచితం అని నాకు అర్థమైంది. మా లెక్కకు అది 1,140 రూపాయలు.

తప్పుగా అనుకోవద్దు. నాకు కొన్ని అనుమానాలున్నాయి. కట్టిన మర్నాడే మాకేమైనా అయితే డబ్బు తిరిగి ఇస్తారా? స్వామి దయవల్ల నూరేండ్లు బతికితే మధ్యలో వచ్చి ఇంకా కట్టమంటారా? ఒక నెల జీతం తీసుకొని నలభై ఏండ్లు మందులిస్తే సర్కారుకు ఏం లాభం? లాభం లేని పని ఎవరూ చెయ్యరు. అదీగాక ఈ కాగితం మేము అడగలేదు, మీరే పంపినారు. మా వీధిలో పోయినేడు ఇట్లాగే అడక్కుండా ఇంటికొచ్చిన చీటీల కంపెనీవాళ్ళు, తరువాత ఎంత అడిగినా దొరకలేదు.

ఇన్ని అనుమానాలుండి ఎందుకు రాస్తున్నావు అంటారేమో. ఆయన రెండు కండ్లకూ శుక్లాలు వచ్చినాయి. మైలు దూరాన సిగ్నలు దీపం ఎర్రో పచ్చో చెప్పిన మనిషి, మొన్న ఎదురింటి సుబ్బులమ్మ ఆరేసిన చీరను చూసి "రాండి, కూర్చోండి" అన్నారు. నవ్వి ఊరుకున్నాను. కానీ పోయిన నెల కొండకు పోయినాం. స్వామి ఎదుట మనల్ని ఎంతసేపు నిలవనిస్తారో మీకూ తెలుసు. బయటికి వచ్చినాక ఆయన నన్ను మెల్లగా అడిగినారు, "పంకజా, స్వామి యాడుండాడు? నాకు వెలుతురు తప్ప ఏమీ అగపడలా" అని. ఆ మాట నాకు ఇంకా చెవిలోనే ఉంది.

ఇక్కడ ప్రైవేటు డాక్టరు ఒక్క కంటికి రెండువేల ఎనిమిది వందలు చెప్పినాడు. అంత మాకు లేదు. అందుకని అనుమానిస్తూనే రాస్తున్నాను.

ఇట్లు,
పంకజాక్షి

తా.క. జవాబు తెలుగులో రాయండి. పెద్ద ఇంగ్లీషు జాబు వస్తే వీధిలో ఎవరిచేతనో చదివించుకోవాల. జబ్బు సంగతి వీధికెందుకు?

ఇంకొక తా.క. సర్కారు ఉచితం అన్నదంటే ధర ఇంకా తేలలేదని అర్థం అంటుంది సుబ్బులమ్మ. నిజమేనా?

*

వైద్య పథకం సెక్షను
డివిజనల్ ఆఫీసు
18-2-1988

విషయము: రిటైరైన ఉద్యోగుల వైద్య పథకము. సూచిక: తమ 8-2-88 నాటి జాబు.

అమ్మా,

తాము రాసిన పింఛను నంబరు గల ఉద్యోగి పేరు శ్రీ మునివెంకటప్ప అని మా రికార్డు చెబుతున్నది. అవునో కాదో తెలుపవలెను.

తమ సందేహములకు జవాబులు. సభ్యుడు మరణించినచో సొమ్ము వాపసు లేదు. అయితే ఆయన భార్యకు వైద్యము ఆమె జీవితాంతము సాగును. నూరేండ్లు జీవించినచో అదనముగా ఏమియు అడగబోము. ఒక్కసారిగా కట్టుట ఇష్టము లేనివారు పాత పద్ధతి ప్రకారము ఏటేటా చందా కట్టుకొనవచ్చును. కట్టని ఏడు వైద్యము లేదు. రెండింటిలో ఏది ఎంచుకొనుటయు తమ ఇష్టము. ఒకసారి ఎంచుకొన్న తరువాత మార్చుటకు వీలు లేదు.

సర్కారుకు ఏమి లాభమన్న ప్రశ్న ఈ సెక్షనులో ఇంతవరకు ఎవరును అడగలేదు. దానికి జవాబిచ్చు అధికారము నాకు లేదు.

ఫారము జతచేయడమైనది. భార్యాభర్తలు కలిసి ఉన్న ఇటీవలి ఫోటో మూడు కాపీలు, సొమ్ము కట్టిన రసీదు మార్చి 31 లోగా చేరవలెను. గడువు దాటినచో చేర్చుకొనబడదు.

ఇట్లు,
ఆర్. కుప్పుస్వామి
హెడ్ క్లర్కు

తా.క. శ్రీమతి సుబ్బులమ్మ పింఛనుదారు కానందున ఆమె సందేహమునకు జవాబివ్వలేము.

*

కొర్లగుంట, తిరుపతి
26-2-1988

స్వామి చల్లగా చూచుగాక.

కుప్పుస్వామి గారికి పంకజాక్షి నమస్కారాలు.

మీరు రాసిన పేరు సరే. అదే.

ఒక్కసారి కట్టేదానికే ఒప్పుకున్నాం. ఏటేటా కట్టేది ఎంచుకుంటే ఏటేటా ఈ రాతకోతలు పడాల. నా కమ్మలు కుదువబెట్టి, సొమ్ము రేణిగుంట స్టేషన్లో కట్టి రసీదు తీసుకున్నాను. కౌంటరులోని మనిషి లెక్క చూడకుండానే రసీదు రాయబోయినాడు. చూసి రాయమని నిలబడినాను. లెక్క చూడకుండా తీసుకునేవాడు ఎక్కడ వేసుకుంటాడో ఎవరికి తెలుసు.

ఫారం నింపినాను. అందులో ఒకచోట అశుభమైన మాట అచ్చయి ఉంది. అచ్చాఫీసువాళ్ళ పొరపాటేమో. సరిచేసి పంపినాను.

తొమ్మిదో గడిలో ఇప్పుడున్న జబ్బులు రాయమన్నారు. ఆ రోజు శుక్రవారం. శుక్రవారం పూట దీపం పెట్టినాక జబ్బు పేరు ఎట్లా రాసేది? "స్వామి దయవల్ల ఏమీ లేవు" అని రాసినాను.

ఫోటో ఇటీవలిది అన్నారు కదా, పోయిన నెల కొండమీద తీయించుకున్నదే పంపినాను. అంతకంటే ఇటీవలిది లేదు. మేము కొండకు పోయినప్పుడు తప్ప ఫోటో తీయించుకోము.

ఫోటో అనేసరికి ఆయన ఒప్పుకోలేదు. "సర్కారోళ్ళు గోడకు ఫోటో ఏసేది దొంగలదే. ముప్పై నాలుగేండ్లు ఒక్క బండిని గూడా తప్పు పట్టాల మీదికి పంపలేదు నేను. నా ఫోటో వాళ్ళకెందుకు?" అన్నారు. కంటికోసం అని బతిమాలి ఒప్పించినాను.

ఇట్లు,
పంకజాక్షి

తా.క. మేము ఉండేది ఇద్దరం. మూడు కాపీలు అడిగినారు. మూడోది ఎవరికి?

*

వైద్య పథకం సెక్షను
7-3-1988

అమ్మా,

తమ ఫారము పరిశీలించగా ఈ క్రింది ఆక్షేపణలు కలిగినవి.

రెండవ పుటలో, "సభ్యుని మరణానంతరము అతని" అన్న మాటల తరువాత ఒక రంధ్రము కలదు. కత్తెరతో నలుచదరముగా కత్తిరించబడినది. ఫారమునకు కిటికీ పెట్టుట నిబంధనలకు విరుద్ధము. అక్కడ ఉండవలసిన మాట "విధవ". అది అచ్చు పొరపాటు కాదు.

తొమ్మిదవ గడిలో జబ్బులు లేవని రాసినారు. 8-2-88 నాటి జాబులో రెండు కండ్లకు శుక్లములని రాసినారు. రెండింటిలో ఏది నిజము? కంటి జబ్బును దాచి చేరుటకు ప్రయత్నించినట్లు పై అధికారి అనుమానించుచున్నారు.

ఫోటోలో భుజముల వరకు ఇద్దరు వ్యక్తులు కనబడుచున్నారు. ఇద్దరికిని గుండు. ఇద్దరి తలలకును చందనము, నుదుట పెద్ద నామములు కలవు. వీరిలో సభ్యుడెవరు, భార్య ఎవరు అన్నది నేను, ఆఫీసు సూపరింటెండెంటు, టైపిస్టు ముగ్గురమును చూచి ముగ్గురమును వేరు వేరుగా చెప్పినాము. కనుక ఈ ఫోటో చెల్లదు. జుట్టుతో ఉన్న ఫోటో పంపవలెను. గడువు 31వ తేదీ.

ఇట్లు,
ఆర్. కుప్పుస్వామి

తా.క. మూడవ కాపీ ఫైలులో ఉంచుటకు. వేరెవరికిని ఇవ్వము.

*

కొర్లగుంట, తిరుపతి
14-3-1988

శ్రీనివాసుడే శరణు.

కుప్పుస్వామి గారికి,

మీ జాబు చదివి రెండు పూటలు అన్నం సయించలేదు. జబ్బు దాచినామని అన్నారు. దాచేదాన్నయితే మొదటి జాబులోనే రాస్తానా? శుక్రవారం రాయలేదు, సోమవారం రాసినాను. ఇప్పుడు ఇదీ సోమవారమే. రెండు కండ్లకూ శుక్లాలు, కుడిది పండింది. దీన్ని తొమ్మిదో గడిలో అతికించుకోండి.

కిటికీ సంగతి. మీరు కొత్త ఫారం పంపినా మళ్ళీ కత్తిరిస్తాను. ఆ మాట ఉండే కాగితం మీద నేను సంతకం పెట్టను. ముప్పై రెండేండ్లుగా ఒక్క శుక్రవారం తప్పకుండా తాళికి పసుపు పూసిన చెయ్యి ఇది. ఆయన కన్ను బాగుపడాలని అడిగే కాగితంలోనే ఆయన లేరని ఒప్పుకోవాలా? ఆ మాట అంత అవసరమైతే మీరే రాసుకోండి. మీ చేత్తో రాస్తే మాకు తగలదు.

ఫోటోలో ఎవరు భార్య అన్నారు. మీకు పెండ్లయిందా నాయనా? ముక్కుపుడక ఉండేది నేను.

జుట్టుండే ఫోటో కావాలంటే ఇప్పుడు జుట్టు యాడ నుంచి తేవాల? మా ఇద్దరికీ ఇంకా వేలెడు గూడా రాలేదు. వెతగ్గా వెతగ్గా పోయినేడు కాళహస్తిలో మా తమ్ముడి కూతురి పెండ్లిలో అందరం కలిసి దిగిన ఫోటో దొరికింది. అందులోనుంచి మమ్మల్నిద్దరినీ కత్తిరించి, కాపీలు తీయించి పంపినాను. నాకు కొప్పు, పూలు, ఆయనకు క్రాపు అన్నీ ఉండాయి. ఆయన భుజం మీద ఉండే చెయ్యి మా తమ్ముడిది. ఆ చేతికి వైద్యం అడగము.

ఇన్ని కొర్రీలు వేస్తున్నారంటే మీరు ఇంకేమైనా ఆశిస్తున్నారేమో అంటుంది సుబ్బులమ్మ. అటువంటి మనిషి కాదని నేనన్నాను. ఎందుకైనా మంచిదని కొండ లడ్డు ఒకటి పొట్లం కట్టి పంపినాను. కండ్లకద్దుకొని తినండి. పదిహేడు రోజులే ఉంది గడువు.

ఇట్లు,
పంకజాక్షి

తా.క. మూడో కాపీ ఫైలుకు అన్నారు. ఆ ఫైలు ఎవరెవరు చూస్తారు?

*

వైద్య పథకం సెక్షను
24-3-1988

అమ్మా,

తమ పొట్లము చేరినది. దరఖాస్తు పరిశీలనలో ఉండగా పరిశీలించు గుమాస్తాకు తినుబండారము పంపుట లంచము కిందికి వచ్చునా అని నేను నోట్ పెట్టితిని. పై అధికారి రెండు దినములు ఆలోచించి, "ప్రసాదమును పారవేయరాదు. గుమాస్తా తినరాదు. ఫైలుతో కలిపి భద్రపరచవలెను" అని ఉత్తర్వు రాసినారు. కనుక లడ్డు ప్రస్తుతము తమ ఫైలు అట్టలో, చెల్లని గుండు ఫోటోకును రసీదుకును నడుమ ఉన్నది. బీరువా తెరచినప్పుడెల్లా నేతి వాసనకు సెక్షనులో పని సాగుట లేదు.

తొమ్మిదవ గడి సరిచేయబడినది. కొప్పు ఫోటో ఆమోదించబడినది. తమ తమ్ముని చేతి మీద ఆఫీసు ముద్ర గట్టిగా వేసినాము.

రంధ్రము వెనుక చిన్న కాగితము అతికించి ఆ మాట నేనే రాసినాను.

కార్డు వేరుగా రిజిస్టరు పోస్టులో వచ్చును.

ఇట్లు,
ఆర్. కుప్పుస్వామి

తా.క. నాకు పెండ్లయి ముప్పై మూడేండ్లయినది.

*

కొర్లగుంట, తిరుపతి
17-6-1988

స్వామి మిమ్మల్నీ మీ పిల్లాపాపల్నీ కాపాడుగాక.

కుప్పుస్వామి గారికి,

కార్డు చేరి రెండు నెలలైంది. వెంటనే రాయనందుకు మన్నించండి. నిజమైనదో కాదో తేల్చుకొని రాద్దామని ఆగినాను.

రేణిగుంట రైల్వే డాక్టరు చూసినాడు. చీటీ రాసి పెద్దాసుపత్రికి పంపినాడు. అక్కడ కన్ను చూసి, ఎండలు తగ్గినాక కోస్తామన్నారు. జులై 5న చేరమని తేదీ ఇచ్చినారు. ఎవరూ ఒక్క రూపాయి అడగలేదు. గేటు దగ్గర గూడా అడగలేదు. నాకు అదే భయంగా ఉంది. "అడగలేదని గూడా అనుమానమేనా నీకు?" అని ఆయన నవ్వినారు. ఆయనకేం, కన్ను కనపడదు గనక అందరూ మంచివాళ్ళే.

మీ మేలు మరువను.

ఇట్లు,
పంకజాక్షి

తా.క. తేదీ ఇస్తే నా తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాను. దేవుడి మొక్కు నిలపకూడదు. నిన్ననే కొండకు పోయి కల్యాణకట్టలో ఇచ్చేసినాను. జనవరిలో ఇచ్చి మళ్ళీ ఇచ్చినావా అని కోప్పడతారని ఆయనకు చెప్పలేదు. చెంగు కప్పుకొని తిరుగుతున్నాను. ఆయన లెక్కకు నా జుట్టు ఇంకా పెరుగుతానే ఉంది.

*

వైద్య పథకం సెక్షను
8-7-1988
అతి జరూరు

అమ్మా లేక ఎవరైనను,

ఆసుపత్రి వారి నుండి మాకు వచ్చిన రిపోర్టు ప్రకారము, 5వ తేదీన శ్రీ మునివెంకటప్ప చేరినారు. ఆయనను పింఛను పుస్తకముతో గుర్తించినారు. ఆయన భార్యనని చెప్పుకొని ఒక స్త్రీ హాజరై ఆపరేషను కాగితము మీద సంతకము చేయబోయినది. కార్డులోని భార్యకు కొప్పు, పూలు కలవు. హాజరైన స్త్రీకి శిరోజములే లేవు. ముఖము సన్నము. అడిగిన దానికి జవాబు చెప్పక, ఆసుపత్రి గుమాస్తానే "ముందు నువ్వు గుమాస్తావని ఏం రుజువు?" అని అడిగినది.

ఒకరి కార్డు మీద మరొకరు వైద్యము, భోజనము పొందుట నేరము. ఇటువంటివి ఇదివరకు జరిగినందున పై అధికారి తీవ్రముగా తీసుకొన్నారు. ఆపరేషను నిలిపినారు. పది దినములలో సంజాయిషీ రానిచో కార్డు రద్దగును. ఆసుపత్రి ఖర్చులు పింఛనులో పట్టుకొందురు.

ఇట్లు,
ఆర్. కుప్పుస్వామి

*

కొర్లగుంట, తిరుపతి
11-7-1988

స్వామీ నీవే సాక్షి.

కుప్పుస్వామి గారికి,

లేక ఎవరైనను అని రాసినారు. ఐదు నెలలుగా మీకు రాస్తున్నది ఎవరనుకున్నారు?

నేను 17-6 నాటి జాబులో తా.క. రాసినాను. చదివినారా? తా.క.లు చదివే అధికారం గూడా లేదా మీకు?

ఆయన్ను వార్డులో పడుకోబెట్టి ఆరు రోజులైంది. పక్క మంచాలవాళ్ళు కన్ను తెరుచుకొని ఇంటికి పోతున్నారు. ఆయన గోడవైపు తిరిగి "మన సిగ్నలు ఇంకా పడలేదా పంకజా?" అని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అడుగుతారు. ఏమని చెప్పేది? నా తల వల్ల ఆగిందని చెప్పేనా? పండిన శుక్లం ఎక్కువ రోజులు ఉంటే కన్నే పోతుందని నర్సమ్మ చెప్పింది. పగలు ఇంటికి వచ్చి పోతూ, రాత్రి వరండాలో పడుకుంటున్నాను. భార్యను కానంట కనుక లోపల పడుకోనియ్యరు.

రుజువు మీ దగ్గరే ఉంది. మీరు చెల్లదన్న గుండు ఫోటో తీసి చూడండి. ఇప్పుడు నేను అచ్చం అట్లాగే ఉన్నాను. ఆ రోజు అది తీసుకొని ఉంటే ఈ తంటా ఉండేదా? జుట్టు లేదని ఒక ఫోటో వద్దన్నారు. ఇప్పుడు జుట్టు లేదని మనిషినే వద్దంటున్నారు.

ఇట్లు,
ముక్కుపుడక ఉండే పంకజాక్షి

తా.క. మూడో కాపీ ఫైలుకని చెప్పినారు. అది మంచిదే అయింది. తీయండి.

*

వైద్య పథకం సెక్షను
15-7-1988

అమ్మా,

తమ జాబు అందిన గంటలోనే ఫైలు తీసినాను. చెప్పుటకు విచారముగా ఉన్నది. నాలుగు మాసములుగా లడ్డులోని నెయ్యి ఫైలులోకి దిగినది. గుండు ఫోటోలు మూడును ఒకదానికొకటి అంటుకొన్నవి. విడదీయగా కుడివైపు వ్యక్తి స్పష్టముగా ఉన్నాడు. ఎడమవైపు వ్యక్తి ముఖము ఉండవలసిన చోట నెయ్యి మాత్రమే ఉన్నది. ముక్కుపుడక కూడ కనబడుట లేదు.

17-6 నాటి జాబులోని తా.క. నేను చదివినాను. కాని తా.క.ను రుజువుగా తీసుకొనుటకు వీలులేదని పై అధికారి అన్నారు.

అయినను ఆయన కన్ను ఆగదు కనుక నేను ఒక దారి సూచించితిని. అది ఆమోదించబడినది. ఆపరేషను కాగితము మీద రోగియే సంతకము చేయవచ్చును. ఆసుపత్రికి తంతి పంపినాము. భార్య విషయము తరువాత తేల్చెదము. ప్రస్తుతము ఆయనకు చూపు లేనందున, "ఈమె నా భార్య" అని ఆయన చెప్పినను అది చెల్లదు. చూపు వచ్చిన పిమ్మట చెల్లును. కనుక కట్టు విప్పు దినమున మా వెల్ఫేర్ ఇన్‌స్పెక్టరు శ్రీ పరంధామయ్య హాజరై, ఆయన స్వయముగా కంటితో చూచి చెప్పిన మాటను రాసుకొందురు. ఆ మాటే ఆఖరు.

ఇట్లు,
ఆర్. కుప్పుస్వామి

తా.క. పరంధామయ్య దేనినీ ఊరక నమ్మడు. ఎదురు ప్రశ్నలు వేయవద్దని మనవి.

*

కొర్లగుంట, తిరుపతి
2-8-1988

అంతా ఆయన లీల.

కుప్పుస్వామి గారికి,

పరంధామయ్య గారి రిపోర్టు మీకు ఈపాటికి చేరి ఉంటుంది. అందులో ఏం రాసినాడో నాకు చూపించలేదు. అందుకని జరిగింది జరిగినట్టు నేనూ రాస్తున్నాను. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

ఆపరేషను బాగా జరిగింది. కట్టు విప్పే రోజు పరంధామయ్య గారు పొద్దున్నే వచ్చి, మంచం పక్కన స్టూలు వేసుకొని, కాగితం, కలం పట్టుకొని కూర్చున్నాడు. నేను నూరుసార్లు స్వామిని తలచుకొని ఎదురుగా నిలబడినాను. చెంగు తీసెయ్యమన్నాడు. తీసేసినాను. డాక్టరు కట్టు విప్పి, కన్ను తుడిచి, సీసా అడుగంత మందం అద్దం ఒకటి ఆ కంటికి పెట్టినాడు.

ఆయన కిటికీ చూసినారు. ఫ్యాను చూసినారు. పరంధామయ్య గారి చొక్కా గుండీలు లెక్కపెట్టి ఒకటి ఊడింది అన్నారు. అప్పుడు పరంధామయ్య గారు నన్ను చూపించి "ఈమె ఎవరు?" అని అడిగినాడు.

ఆయన నన్ను పైనుంచి కిందికి చూసినారు. "తెలీదప్పా" అన్నారు.

పరంధామయ్య గారు సంతోషంగా రాసుకున్నాడు.

"బాగా చూసి చెప్పండి. మీ భార్య కాదా?"

"కాదు. జనవరిలో కొండకు ఇచ్చినాక మా ఆమెకు మళ్ళా ఇంత జుట్టు వచ్చుండాది. ఈమెవరో కొండకు వచ్చిన తల్లి మాదిరి ఉండాది. మా ఆమె యాడ? పిలుచుకోని రాండి. నేను ముందు సూడాల్సింది ఆమెను. పాపం, వరండాలోనే పడుండాది ఇన్నాళ్ళు."

 కన్ను పోతుందని ఏడ్చినాను, కార్డు పోతుందని ఏడ్చినాను. వచ్చిన కన్నే నన్ను కాదంటుందని ఎన్నడూ అనుకోలేదు. ఆ గాబరాలో, కుప్పుస్వామి గారూ, నా పెండ్లయినప్పటి నుంచి నోటితో అననిది, మీకు గూడా రాయనిది, ఆయన పేరు పెట్టి పిలిచేసినాను. ఆ గొంతు నాకే నాది మాదిరి వినపడలేదు.

ఆయన గబుక్కున పరంధామయ్య గారి వైపు తిరిగి "సూసినారా? మా ఆమె అయితే నా పేరు సచ్చినా అనదు. రాసుకోండి" అన్నారు.

అదీ రాసుకున్నాడు.

నేను గోడకు ఆనుకున్నాను. ఊరికే ఉండలేక డాక్టరును అడిగినాను. "నాయనా, తప్పుగా అనుకోవద్దు. లోపలి శుక్లం తీసినారు సరే. తీసింది ఏం చేసినారు? నాకు చూపించలేదు. నిజంగా తీసినారా, ఊరికే కట్టు కట్టి విప్పినారా?"

ఆయన తల అట్లాగే నిలిచిపోయింది. మెల్లగా కొత్త కన్ను మూసుకున్నారు.

"ఇంకోసారి అను" అన్నారు.

అన్నాను.

"ఆ" అన్నారు ఆయన, కన్ను మూసుకొనే. "ఈమే. ఈ మనిషి జిల్లాకంతా ఒక్కటే. పంకజా, నీ జుట్టు యాడ?"

పరంధామయ్య గారు కలం ఎత్తి, మళ్ళీ దించినాడు. కన్ను తెరిస్తే కాదంటున్నాడు, మూస్తే అవునంటున్నాడు, కంటితో చూసి చెప్పింది రాయమని కదా ఉత్తర్వు అన్నాడు. ఆఖరికి రెండూ రాసుకొని పోయినాడు.

ఇప్పుడు మీరు ఏది నమ్ముతారో నాకు తెలియదు. నాకైతే ఇంక అనుమానాలు లేవు.

ఇట్లు,
పంకజాక్షి

తా.క. స్వామిని చూడను ఎప్పుడు పోదాం అని అడిగినాను. "ముందు నీకు ఎంటికలు రానీ. ఇద్దర్నీ ఒకేసారి కొత్తగా సూడాలంటే నా వల్ల కాదు" అన్నారు.

ఇంకొక తా.క. పరంధామయ్య గారు పోతూ పోతూ తన అమ్మకు కన్ను చూపించాలంటే ఎవర్ని అడగాలని నన్ను అడిగినాడు. ఎందుకు అడిగినాడంటారు?

*

22-8-1988

సోదరి పంకజాక్షమ్మ గారికి కుప్పుస్వామి నమస్కారములు.

ఈ జాబు ఆఫీసు కాగితం మీద రాయలేదు. ఇంటినుంచి రాస్తున్నాను.

పరంధామయ్య రిపోర్టులో ఆఖరి వాక్యం ఇది: "సభ్యుడు చూపుతో గుర్తించలేదు. చూపు లేకుండా తప్పక గుర్తించినాడు." పై అధికారి దానిని మూడుసార్లు చదివి నన్ను పిలిచినారు. "ఆరు మాసములుగా ఆమె జాబులు చదివినది నువ్వు. డాక్టరును ఆ ప్రశ్న అడిగినది ఆమేనా?" అన్నారు. "సందేహము లేదు" అని రాసి సంతకం పెట్టినాను. ముప్పై ఐదేండ్ల సర్వీసులో సందేహము లేదని రాసింది అదొక్కసారే. కార్డు రద్దు కాలేదు. ఎడమ కంటికి కూడా అదే కార్డు.

ఒక సంగతి మీకు చెప్పలేదు. ఈ నెల 31న నేనూ రిటైరవుతున్నాను. ఇన్నేండ్లు ఇతరులకు పంచిన ఫారం మొన్న నేనూ ఇంటికి తెచ్చుకున్నాను. నా భార్య వసంతమ్మ సంతకం చేయాల. మీ ఫారం సంగతి ఆఫీసు సంగతి కనుక ఆమెకు నేను ఎన్నడూ చెప్పలేదు. రాత్రి ఫారం మేజా మీద పెట్టి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే రెండవ పుటలో కిటికీ ఉంది. నలుచదరముగా. పక్కన కత్తెర. వంటింట్లోనుంచి, "అందులో అచ్చు తప్పు ఒకటుంటే సరిచేసినాను" అన్నది.

మీ ఫారం వెనుక కాగితం అతికించి ఆ మాట రాసినప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. గడి నిండింది అనుకున్నాను. నా ఫారం పట్టుకొని ఆ కిటికీలోనుంచి చూస్తే, అవతల ఆమె పొయ్యి ముందర కూర్చొని కాఫీ కలుపుతా ఉంది.

వెనుక ఏమీ అతికించలేదు. అట్లాగే పంపినాను. ఆక్షేపణ వస్తే కొత్త హెడ్ క్లర్కుకు మీ మాదిరే జవాబు రాస్తాను.

మీ ఇంటాయనను అడిగినానని చెప్పండి.

ఇట్లు,
కుప్పుస్వామి

తా.క. సర్కారుకు ఏం లాభమని మీరు అడిగినారు. వసంతమ్మ కూడా అదే అడుగుతున్నది. ఇప్పుడు కూడా నాకు తెలియదు.

ఇంకొక తా.క. మీకు వెంట్రుకలు వచ్చి కొండకు పోయినప్పుడు ఒక లడ్డు ఈ కింది ఇంటి అడ్రసుకు పంపండి. 31 దాటినాక అది లంచం కాదు.